దిగినవాళ్ళ పేర్లు

మొన్న చిక్కడపల్లి లైబ్రరీ ముందు ఆటో కోసం నిలబడి ఉంటే ఎదురుగా ఒకాయన బైకు ఆపి హెల్మెట్ తీశాడు. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత తెలిసింది, నీటి పైపుల పని చేయించే మేస్త్రి. రెండేళ్ళ కిందట అశోక్‌నగర్‌లో మా గల్లీలో ఆయనా నేనూ నడివీధిలో పోట్లాడుకున్నాం. నన్ను చూసి పక్కకు తప్పుకోవాల్సిన మనిషి, పని పెట్టుకుని ఆగాడు.

"మేడం, గా అక్క పోయింది. మీకెరుకేనా?"

ఏ అక్క అని నేను అడగలేదు.

"ఊర్లనే. వానలల్ల జరమొచ్చిందంట. దవాఖానకు తీస్కపోయేలోపల్నే..." అని ఆగిపోయి, బైకు అద్దం అటూ ఇటూ తిప్పి సరిచేసుకున్నాడు. "మీకు చెప్పాల్నని అనుకుంటనే ఉన్న" అని వెళ్ళిపోయాడు.

ఇల్లు చేరాను. ఆ రోజు మా గల్లీకి నీళ్ళొచ్చే రోజు. నల్లా విప్పగానే నీళ్ళకన్నా ముందు లోపలున్న గాలి బయటికి వచ్చింది, బుస్సుమని, ఎవరో పెద్దగా ఊపిరి వదిలినట్టు. జీవితమంతా ఫిజిక్స్ చెప్పి బతికినదాన్ని. గొట్టంలో గాలి ఎందుకు చేరుతుందో, ఎందుకు తోసుకొస్తుందో పిల్లలకు బొమ్మ గీసి చెప్పినదాన్ని. అయినా నల్లా కట్టేసి కాసేపు వంటింటి స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమెను నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "ఏమ్మా" అనేదాన్ని. ఆమె నన్ను "టీచరమ్మా" అనేది. లెక్చరర్‌నమ్మా, టీచర్ని కాదు అని మొదట్లో రెండుమూడుసార్లు దిద్దాను. ఆమె తలకెక్కలేదు.

మా వీధుల్లో నీటి పైపులు మా నాన్నగారి కాలానివి. ఆయన గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకునేనాటికే ఆ ఇనుప గొట్టాలు భూమిలో ఉన్నాయి. తుప్పు పట్టి, అతుకుల దగ్గర కారి, మా ఇంటికి వచ్చే నీళ్ళకన్నా మట్టి తాగేవే ఎక్కువేమో అనిపించేది. వాటిని మార్చడానికి ఎన్నాళ్ళకో డబ్బు మంజూరైంది. డబ్బు వస్తే చాలదు, కారే చోటు కనిపెట్టడానికీ, పాతవి తీసి కొత్తవి వేయడానికీ పని తెలిసిన మనుషులు కావాలి. ఇక్కడి బస్తీలవాళ్ళకే ఆ పని నేర్పిద్దామని ఒక స్వచ్ఛంద సంస్థ చిక్కడపల్లిలో ఫంక్షన్ హాలు మేడ మీద శిక్షణ పెట్టింది. బయట 'హరిత ఉద్యోగాల శిక్షణ' అని బ్యానరు, లోపల పెళ్ళివాళ్ళ ఎర్ర కుర్చీలు. నారాయణగూడలో కాలేజీ నుంచి రిటైరై ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్న నన్ను, ధ్వని గురించీ నీటి ఒత్తిడి గురించీ పాఠాలు చెప్పమని పిలిచారు. ఇంట్లోవాళ్ళు నాకన్నా ఎక్కువ సంతోషించారు.

మొదటి రోజే ఆమె వెనక కుర్చీలోంచి లేచింది. అక్కడున్న అందరికన్నా పెద్దది. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి ఇక్కడే బస్తీలో ఉండిపోయిన మనిషి.

"టీచరమ్మా, పచ్చ కొలువులంటున్నరు. ఇండ్ల పచ్చగ ఏముంది? అంత మట్టే గద."

అందరూ నవ్వారు. నేను ఓపిగ్గా చెప్పాను. నీళ్ళు వృథా కాకుండా ఆపితే అంత దూరం నుంచి తోడే కరెంటు మిగులుతుంది, చెరువులూ నదులూ మిగులుతాయి, చెట్టూ చేమా పచ్చగా ఉంటాయి అన్నాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఓ, గట్లనా. మట్టిపని అని రాస్తే ఎవ్వరు రారని పచ్చ అని రాసిండ్రనుకున్న" అని కూర్చుంది.

ఆమెను తలుచుకుంటే ముందు కనిపించేది పసుపు హెల్మెట్. శిక్షణలో అందరికీ ఇచ్చారు. మిగిలినవాళ్ళు చంకలో పెట్టుకుని తిరిగేవాళ్ళు. ఆమె కొంగు తల మీదుగా కప్పుకుని, దాని మీద హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించేది. అన్నం తినేటప్పుడూ తీయదు. షేర్ ఆటోలో కూడా దానితోనే. ఒక ఆటో డ్రైవరు "అక్కా, రాకెట్ల పోతున్నవా?" అన్నాడట. "నీ ఆటో ఎక్కెటోళ్ళందరికి గిది కావాలె బిడ్డా" అన్నదట.

వాన జోస్యం ఆమెకు పిచ్చి. ఆకాశం నిర్మలంగా ఉన్నా మట్టి వాసన చూసి, "మాపటికి దంచుతది" అనేది. ఒక్కసారి కూడా నిజం కాలేదు. నిజం కానందుకు ఆమె ఎప్పుడూ చిన్నబోలేదు. ఆమె ముంజేతి మీద పెద్ద మచ్చ ఉండేది. అది కుక్క కరిచిందని ఒకరికి, కాగే నూనె పడిందని మరొకరికి, పాము అని నాకు చెప్పింది. ఇందులో ఏదమ్మా నిజం అని నిలదీస్తే, "నువ్వు ఏది నమ్మితే గదే" అన్నది. నారాయణగూడ చౌరస్తా దగ్గర బండి మీద మిర్చీ బజ్జీ కొంటే, ఒక్కొక్కదాన్నీ వేలితో గుచ్చి చూసి పెద్దది ఏరుకునేది. బండివాడు మొత్తుకునేవాడు. "నువ్వు అమ్మేటప్పుడు ఏరుకోలె, నేను కొనేటప్పుడు ఏరుకుంటున్న" అని సమాధానం. ఆ వాదంలో తల ఎక్కడుందో తోక ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు.

ఇంత గడుసు మనిషి పని దగ్గరికి వస్తే మాత్రం మొద్దు. పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి ఒక ఇనుప కడ్డీ ఇస్తారు. ఒక కొన నేలకు ఆనించి, గుండ్రటి రేకు ఉన్న రెండో కొన చెవికి పెట్టుకోవాలి. కింద నీళ్ళు కారుతుంటే సన్నని ఈల లాంటి మోత వస్తుంది. మిగిలినవాళ్ళు కాస్త విని, "ఇక్కడ ఉంది", "ఇక్కడ లేదు" అని చెప్పి కదిలేవాళ్ళు. ఆమె చెవి పెట్టి కళ్ళు మూసుకుందంటే లేవదు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నా లేవదు.

"ఏం వినిపిస్తోందమ్మా?"

"మస్తు ఇనబడ్తున్నయ్ టీచరమ్మా."

"కారుతోందా, లేదా?"

"ఏందో ఉన్నది కింద."

ఎక్కడ చెవి పెట్టినా ఆమెకు ఏదో ఉండేది. ఆమె మాట నమ్మి తవ్వితే చిక్కడపల్లి మొత్తం చెరువు చేయాల్సి వచ్చేది. వినికిడి పరీక్షలో అందరూ పాసయ్యారు, ఆమె తప్పింది. నాకు చివుక్కుమంది. ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

వీధుల్లో అభ్యాసం చేయించే రోజుల్లో మా గల్లీకి కూడా వచ్చాం. గల్లీ మొదట్లో కోచింగ్ పిల్లల హాస్టల్ ఒకటి ఉంది. దాని గేటు దగ్గరికి రాగానే ఆమె రోడ్డు దాటి అవతలి గోడ వెంట నడిచింది. అక్కడ కడ్డీ పెట్టమంటే, "ఆడ నేను చెవి పెట్ట" అన్నది. ఎందుకూ అని అడిగేలోపే ముందుకు నడిచింది. ఎండలో తిరిగి అలసిపోయారని అందర్నీ మా ఇంటికి తీసుకెళ్ళి మంచినీళ్ళూ కాఫీ ఇచ్చాను. ఆమె గేటు బయటే నిలబడి, తన సంచిలోంచి సీసా తీసి తాగింది.

ఇంకోసారి పిలిచాను. అప్పుడూ అంతే. నాకు కోపం తన్నుకొచ్చింది.

"ఏమ్మా, మా ఇంట్లో నీళ్ళకేమైంది? మేం ఏమన్నా వేరే గ్లాసులో పోసిస్తామనుకున్నావా?"

"నీ ఇంటికేం కాలే టీచరమ్మా. నీకేం కాలే. గా నీళ్ళు నేను తాగ" అని, హెల్మెట్ పట్టీ ఇంకాస్త బిగించుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా ఆయన దగ్గర ఆమెను చాలా తిట్టుకున్నాను.

జాగ్రత్తల పాఠం రోజు ఆమె మరో మనిషి. మనుషులు గుంతలో ఉన్నంతసేపు పైన అంచు దగ్గర ఒకరు కావలి ఉండాలని నేను పుస్తకంలోది చదివాను. ఆమె లేచి నా పక్కకు వచ్చి నిలబడింది. నన్ను అడగనైనా అడగలేదు.

"ఊకె నిలబడి సూస్తే కావలి గాదు. దిగెటోడు పేరు చెప్పి దిగాలె. పైనున్నోళ్ళు ఆ పేరు మల్ల అనాలె. మాపటికి పేరు పెట్టి పిలిస్తే 'ఎక్కిన' అనాలె. అన్నంకనే మట్టి పొయ్యాలె."

"తలలు లెక్కపెట్టుకుంటే సరిపోదా అక్కా?" అని ఎవరో అడిగారు.

"మట్టి ఇరిగినప్పుడు ఎవ్వరికి లెక్క యాదికుండదు. పేరు చెప్తెనే ఆ మనిషి యాడుండెనో యాదికొస్తది."

ఆ గొంతులో అంతకుముందటి వేళాకోళం లేదు. ఎవరూ నవ్వలేదు. శిక్షణ అయ్యాక మిగిలినవాళ్ళు కారే చోట్లు వెతికే పనికి పోయారు. ఆమె గుంత మీద కావలి పని అడిగి తీసుకుంది. పొద్దస్తమానం ఎండలో నిలబడే పని, ఎవరికీ అక్కర్లేనిది. శిక్షణ పొందినవాళ్ళు ఒకరు కావలి ఉంటేనే తవ్వాలని షరతు ఉండటం వల్ల, కాంట్రాక్టరు మేస్త్రి పళ్ళు నూరుకుంటూ ఒప్పుకున్నాడు.

దోమలగూడలోనూ చిక్కడపల్లి సందుల్లోనూ పని జరుగుతుంటే కూరగాయలకు వెళ్తూ ఆగి చూసేదాన్ని. సాయంత్రం గుంత అంచున నిలబడి ఒక్కొక్క పేరే పిలిచేది. "బాల్‌రాజూ!" "ఎక్కిన." "ఎంకటేశూ!" "ఎక్కినక్కా." ఆ పిలుపు పోచమ్మ గుళ్ళో పూనకం వచ్చినవాళ్ళ గొంతులా వీధంతా వినిపించేది. సందుల్లో పిల్లలు అరుగుల మీంచి దూకుతూ 'దిగిన, ఎక్కిన' అని ఆట కట్టుకున్నారు.

"పొద్దుగాల హాజరు తీస్కున్న గదా అక్కా, మల్ల గిదేం హాజరు?" అనేవాడు మేస్త్రి.

"నీది కూలికి. నాది పానాలకు" అనేది.

దీపావళి దాటాక ఒక మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద నీడలో కూర్చుని ఉంది. నేను పుస్తకం ఇచ్చేసి వస్తూ పక్కన కూలబడ్డాను. ఊరికి పోవాలి, జాతర ఉంది అన్నది.

"ఏం జాతర?"

"గుట్ట మీది సామి జాతర."

"కురుమూర్తి జాతరేనా?"

"ఆ, గదే."

"మరి పేరు చెప్పవేం?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వయసులో, ఆ హెల్మెట్ కింద, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది.

"మా ఇంటాయన పేరు అండ్ల వస్తది."

నాకు తెలుసు ఈ ఆచారం. మా అమ్మమ్మ కూడా తాతయ్య పేరు పలకలేదు. జనాభా లెక్కలవాళ్ళు వస్తే పక్కింటావిడను పిలిచి చెప్పించేది. ఇంతకీ ఆయన పేరేమిటి, కుర్మయ్యా అని అడిగాను. తలవంచుకుని ఊపింది.

"ఏం చేస్తాడు? ఊళ్ళో ఉంటాడా?"

"లేడు టీచరమ్మా." గడ్డంతో అశోక్‌నగర్ వైపు చూపించింది. "మీ గల్లీలనే."

ఆమె చెప్పింది నేను నా మాటల్లో చెప్పలేను, చెప్పకా ఉండలేను. ఇరవై ఏళ్ళ కిందటి మాట. మా గల్లీలో పైపు పగిలింది. పాడైన ముక్క కోసి కొత్త ముక్క అతకడానికి హాస్టల్ ఇప్పుడున్న ఇంటి గేటు ముందు లోతుగా తవ్వారు. ఆమె భర్త లోపల, ఆమె పైన తట్టలు మోస్తోంది. మట్టి విరగకుండా పక్కలకు చెక్కలు ఆనించలేదు. అన్నాలు తిన్నాక మట్టి విరిగి పడింది. అందరూ అరుస్తూ బయటికి ఎగబాకారు. అప్పటి మేస్త్రి కొత్తవాడు, కూలీలు తలో ఊరివాళ్ళు, ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియదు.

"లోపల ఎవరున్నరు, పేర్లు చెప్పుండ్రి అని మొత్తుకుంటుండు. ఒకామె కొడుకు పేరు చెప్పె. ఆడు పైననే ఉండె. ఇంకొకామె తమ్ముని పేరు చెప్పె. ఆడు ఉండె. నేను మా ఇంటాయన, మా ఇంటాయన అంటున్న. పేరు చెప్పు, ఏ పక్కకు పనిచేస్తుండె అంటుండు. నోట్లెకు వచ్చింది టీచరమ్మా, పండ్ల కాడికి వచ్చింది. బయిటికి రాలె. ఎప్పుడన్న అంటెనే గద వచ్చేది. ఎవరన్న మనోళ్ళు ఉంటే చెప్తరని ఎనక్కు తిరిగి సూసిన. మా తోడికోడలు గల్లీ ఆ కొసకు ఉండె. ఆమె ఉరికొచ్చి చెప్పింది. చెప్పినంక, అరె ఆయన గేటు దిక్కు గదా అని గాడ తవ్విండ్రు. అప్పటిదాంక ఇంకో దిక్కు తవ్వుతుండ్రి."

కాసేపు రోడ్డు వైపు చూసింది. నూట ఏడో ఏదో బస్సు వచ్చి ఆగింది, జనం దిగారు, ఎక్కారు.

"ఆ జరసేపట్ల పోయిండా, మట్టి పడంగనే పోయిండా, ఎవ్వరు చెప్పలె. ఎవ్వరికి తెల్వదు."

నేనేదో అనబోయాను. మట్టి అంత బరువుంటుంది, క్షణాల్లోనే అయిపోయి ఉంటుంది అని. అది ఆమె కోసం అనబోయానో నా కోసమో తెలియక ఊరుకున్నాను. అప్పట్లో నేను బర్కత్‌పురలో ఉండేదాన్ని. మా అమ్మ ఫోన్‌లో, "పైపు పగిలిందే, రెండు రోజులు నీళ్ళు రావట. ఎవరో కూలీ పోయాట్ట పాపం" అన్నది నాకు లీలగా గుర్తుంది. తర్వాత నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళతోనే మా ఇంట్లో ఇన్నేళ్ళూ పప్పు ఉడికింది, దేవుడికి అభిషేకం జరిగింది, మా అమ్మ చివరి గుక్క కూడా వాటిదే. ఆమె ఎందుకు తాగలేదో నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఇంటికి వెళ్ళి నేనూ ఆ పూట తాగలేకపోయాను.

"కడ్డీ పెడితే అందరికి ఈల ఇనబడ్తదంట" అన్నది. "నాకు ఊపిరి తీస్తున్నట్టు ఇనబడ్తది. యాడ పెట్టినా గంతే. గందుకే మీ గల్లీల చెవి పెట్ట. పిలుస్తడేమో. పిలిస్తే నేను ఏమని పలకాలె?"

శిక్షణకు ఎందుకు వచ్చిందో కూడా అప్పుడే చెప్పింది. మా గల్లీ పాత పైపు మొత్తం తీసేస్తారని బస్తీలో ఎవరో అంటే విన్నదట. మళ్ళీ తవ్వినప్పుడు ఆ గుంత మీద తను ఉండాలి. వాళ్ళ ఇళ్ళల్లో నమ్మకం ఒకటుంది: బావిలోనో గుంతలోనో పోయినవాణ్ణి ఇంటివాళ్ళు పేరు పెట్టి పైకి పిలవాలి, లేకపోతే ఆ మనిషి అక్కడే ఉండిపోతాడు. శవాన్ని తీశారు, మట్టి చేశారు, దినాలు చేశారు. పిలవాల్సిన మనిషి పిలవలేదు.

"ఇప్పుడు పిలవగలవా?"

"నేర్సుకుంటున్న గద" అన్నది. "దినాం గంతమంది పేర్లు పిలుస్తున్న. నోటికి అలవాటైతది."

ఆ రోజు నుంచి చిక్కడపల్లి సందుల్లో ఆమె గొంతు వినబడితే నేను ఆగి చూడలేకపోయేదాన్ని. తల వంచుకుని గబగబా దాటిపోయేదాన్ని.

చలికాలం పోతుండగా పని మా గల్లీకి వచ్చింది. మా గల్లీ సంగతి తెలిసిందే. హాస్టల్ వాళ్ళకు నీళ్ళు లేక గోల, కార్లున్నవాళ్ళకు పార్కింగు లేక గోల. త్వరగా ముగించమని అందరూ మేస్త్రిని పీక్కుతిన్నారు. ఆయన ఒకచోట చెక్కలు లేకుండానే కూలీలను దింపబోయాడు. ఆమె నిచ్చెన అడ్డం లాగి దాని మీద కూర్చుంది. చెక్కలు వచ్చి, రెండు పక్కలా ఆనించి, అడ్డకర్రలు బిగించేదాకా లేవలేదు. పని సగం పూట ఆగింది. మేస్త్రికి తిక్క రేగి, రేపటి నుంచి రావద్దు, ఇంకొకర్ని పెట్టుకుంటా అన్నాడు.

ఆమె మొదటిసారి మా గేటు లోపలికి వచ్చింది. హెల్మెట్ చేతిలో ఉంది. శిక్షణలో ఇచ్చినప్పటినుంచీ తల మీద అది లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. జుట్టు దాదాపు తెల్లగా ఉంది.

"టీచరమ్మా, నన్ను తీసేస్తుండు. గేటు కాడికి ఇంక రాలె పని. రేపొస్తది. ఒక్క రేపు ఉండనియ్యమను."

నేను ఇంట్లో చీరతోనే బయటికి వెళ్ళాను. నాకు బీపీ ఉంది, అరవకూడదు. అరిచాను. శిక్షణ పొందిన కావలి మనిషి లేకుండా తవ్వితే సంస్థవాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాను, మా గేటు ముందు తట్టెడు మట్టి పోసినా ఊరుకోనన్నాను, ఇంకా చాలా అన్నాను. మేస్త్రి కూడా తక్కువ తినలేదు. "మీకు నీళ్ళు కావాల్నా, పంచాయితి కావాల్నా మేడం?" అని గొంతు పెంచాడు. చివరికి అతన్ని మెత్తబరిచింది నేను కాదు. కూలీల్లో అందరికన్నా పెద్దాయన, ఆమెది వాళ్ళ పక్క ఊరే, పార కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"ఉండనియ్ మేస్త్రీ. ఆమె పైన పేరు పిలుస్తుంటే లోపల మాకు జర ధైర్నం ఉంటది."

మేస్త్రి ఏదో గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మర్నాడు నేను కుర్చీ వేసుకుని గేటు బయట కూర్చున్నాను. ఆమె ఆ పొద్దున వాన జోస్యం చెప్పలేదు. దిగినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్కొక్కటే పలికింది. మధ్యాహ్నానికి పాత గొట్టం బయటపడింది. బుడిపెలు కట్టి, చిలుం పట్టి, ఎండిన చెరకు గడలా ఉంది. హాస్టల్ గేటుకు ఎదురుగా దానికి ఒక చోట వేరే ముక్క అతికి ఉంది, పక్కదానికన్నా కొంచెం కొత్తది. ఆనాటి మరమ్మతు అదే. ఆమె దాని వైపు చూసింది. అంచు నుంచి అడుగు వెనక్కు వేసి, మళ్ళీ ముందుకు వచ్చి నిలబడింది. తాళ్ళు కట్టి ఆ ముక్కను పైకి లాగుతుంటే లోపలి నుంచి నల్లటి నీళ్ళు కారాయి. అక్కడున్న మట్టినంతా ఎత్తి, కొత్త పైపు దించి, అతికారు.

ఎండ వాలింది. ఒక్కొక్కళ్ళూ నిచ్చెన ఎక్కి వచ్చి చేతులు దులుపుకుంటున్నారు. ఆమె పిలిచింది.

"బాల్‌రాజూ!"

"ఎక్కిన."

"ఎంకటేశూ!"

"ఎక్కినక్కా."

అలా అందరూ అయ్యారు. మేస్త్రి మట్టి పోసే బండివాడికి చెయ్యూపబోయాడు. ఆమె అతని వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది. నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. నేను కుర్చీలోంచి లేచి దగ్గరికి వెళ్ళాను.

"నేను చెప్పనా అమ్మా?" అన్నాను.

"వద్దు టీచరమ్మా. ఆనాడు గూడ వేరేటోళ్ళే చెప్పిండ్రు."

గుంత అంచుకు ఇంకాస్త జరిగి, నడుం వంచి, లోపలికి పిలిచింది.

"కుర్మయ్యా!"

మొదటిసారి అది గొంతులోనే ఉండిపోయినట్టు వచ్చింది. రెండోసారి వీధి ఆ చివరిదాకా వినిపించింది. హాస్టల్ బాల్కనీలో పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్న పిల్లలు ఆగిపోయారు. "గా పేరుటోడు మనల్ల లేడు గదక్కా..." అని మేస్త్రి అన్నాడు, ఎవరో అతని చెయ్యి పట్టుకుని ఆపారు. పాలమూరు కూలీలందరూ నేల చూపులు చూస్తున్నారు. ఏ ఆడమనిషి అలా ఎవరి పేరు పిలుస్తుందో వాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఆమె వంగినది వంగినట్టే ఉంది. పిలిచినవాళ్ళు బదులు కోసం ఎలా ఆగుతారో అలా ఆగింది. గుంతలోంచి తడి మట్టి వాసన తప్ప ఏమీ రాలేదు. పిలిచి ఊరుకుంటే ఆమెకు శాంతి వస్తుందని నేను అనుకున్నాను. బదులు రాని పిలుపు అంతకన్నా ఘోరమని ఆ క్షణంలో తెలిసి, ఏం చేయాలో తోచక ఆమె కొంగు పట్టుకున్నాను.

ఆ పెద్దాయన మోచేతుల దాకా ఉన్న మట్టితోనే వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎక్కిండు చెల్లె" అన్నాడు.

ఆమె గుంతలోంచి చూపు తిప్పలేదు.

"సూసినవా?"

"సూసిన."

ఆమె మెల్లగా నడుం ఎత్తింది. నా చేతిలోంచి కొంగు విడిపించుకుని, మేస్త్రి వైపు తిరిగింది.

"ఇగ పూడ్చుండ్రి" అన్నది.